ఎడంచుట్టు ఈగ

ఆకును వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడడం మునిరత్నకు ఎవరూ నేర్పలేదు. ఇరవై రెండేళ్ళ కిందట, మదనపల్లెకు పది మైళ్ళ దూరంలో ఉన్న టమాటా పరిశోధనా కేంద్రంలో ఆమె కలుపు తీసే కూలీగా చేరింది. చేరిన వారానికే చేలోనూ గట్ల మీదా పాముపొడ పడిన, అంటే తెల్లటి వంకర గీతలు పడిన ఆకులు ఏరి బుట్టలో వేసుకు రమ్మన్నారు. సాయంత్రానికి ఆమె ఒక బుట్టకు బదులు మూడు బుట్టలు తెచ్చి వరండాలో వరసగా పెట్టింది.

"మూడెందుకమ్మా?" అని అడిగాడు డాక్టర్ భానోజీరావు. విజయనగరం నుంచి అప్పుడే కొత్తగా వచ్చాడాయన.

"పురుగులు మూడు రకాలు గదా సార్. అన్నీ ఒకేదాంట్లో ఎట్ల ఏసేది?"

భానోజీరావు నవ్వలేదు. మూడు బుట్టల ఆకుల్నీ మూడు గాజు సీసాల్లో వేసి, మూతికి పలుచని గుడ్డ కట్టి రెండు వారాలు ఆగాడు. మూడు సీసాల్లోంచీ మూడు జాతుల ఈగలు బయటికొచ్చాయి. ఒక్కటంటే ఒక్కటి కూడా తారుమారు కాలేదు.

ఆ ఈగలు నువ్వుగింజ కన్నా పెద్దవి కావు. భూతద్దం కింద పెట్టినా అలవాటు లేని కళ్ళకు ఒకదాన్ని చూస్తే ఇంకొకటనిపిస్తాయి. తల్లి ఈగ ఆకు పొరలో గుడ్డు పెట్టి పోతుంది. పిల్లపురుగు ఆకు పై తోలుకీ కింది తోలుకీ నడుమనున్న పచ్చదనాన్ని తింటూ సొరంగం చేసుకుంటూ పోతుంది. అది పోయినంత మేరా ఆకు మీద తెల్లటి గీత పడుతుంది. ఆ గీతలు మాత్రం ఏ ఈగవి ఆ ఈగవే. టమాటా ఈగ పిల్ల రెట్టను గీతకు అటొక వరస, ఇటొక వరస సన్నటి నల్లదారంలా వదులుతుంది. ఇంకోటి రాగిగింజలు చల్లినట్టు చుక్కలు చుక్కలుగా వదులుతుంది. మరొకటి నడిమి ఈనె దాటడానికి భయపడి వెనక్కి తిరుగుతుంది. పుస్తకాల్లో లేని ఇట్లాంటివన్నీ మునిరత్నకు చూడగానే తెలిసిపోయేవి. ఆ నెలాఖరుకే భానోజీరావు ఆమె చేత కలుపుకత్తి పక్కన పెట్టించి లాబులోకి తీసుకున్నాడు.

పదిహేనేళ్ళు కష్టపడి ఆయన ఒక కొత్త ఈగను తయారుచేశాడు. దానికి కొడుకులే తప్ప కూతుళ్ళు పుట్టరు. లాబులో పెంచిన మగ ఈగలను పొలంలో వదిలితే అవి అక్కడి ఆడ ఈగలతో కలుస్తాయి. పుట్టబోయే పిల్లల్లో ఆడవి గుడ్డులోనే పోతాయి. మగవి బతికి మళ్ళీ అదే పని చేస్తాయి. నాలుగైదు తరాలు గడిచేసరికి పొలంలో గుడ్డు పెట్టే ఈగ మిగలదు. చుక్క మందు కొట్టే పని లేదు.

అయితే ఏ పురుగు లాబు ఈగ సంతానమో, ఏది పొలంలో మామూలుగా పుట్టిందో తెలిసేదెట్లా? ఎగిరే ఈగల్ని ఎన్నింటినని పట్టుకుని పరీక్షిస్తారు? ఆ చిక్కు విప్పింది మునిరత్నే.

"గుర్తు ఈగకెందుకు సార్, ఆకు మీద పడేట్టు చేయండి" అంది ఒకరోజు టీ తాగుతూ.

భానోజీరావు గ్లాసు కింద పెట్టి ఆమెవంక చాలాసేపు చూశాడు. పురుగు ఎటు తిరగాలో నిర్ణయించే జన్యువులోని చిన్న మెలికను మార్చడానికి ఆయనకు మరో రెండేళ్ళు పట్టింది. మామూలు పురుగు కుడికీ ఎడమకీ తోచినట్టు తిరుగుతుంది. కొత్త పురుగు ఎడమకే తిరుగుతుంది. తిరిగి తిరిగి ఆకు మీద చుట్ట చుడుతుంది. కాగితాల్లో దానికి ఎడంచుట్టు ఈగ అని పేరు. పల్లెల్లో మాత్రం, దోమలకు వెలిగించే చుట్టలా ఉందని, దోమలచుట్ట ఈగ అన్నారు.

ఈగను వదలాలంటే రైతులు ఒప్పుకోవాలి. పదకొండు పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి ఒప్పించింది మునిరత్నే. "ఇది టమాటా వదిలి యాడికీ పోదు. ఇంకో చెట్టు ముట్టుకోదు. నేను చెప్తా ఉండా గదా" అని ప్రతి గడపలోనూ నిలబడి చెప్పింది. డాక్టర్ల మాట కన్నా ఆమె మాట విని సంతకాలు పెట్టినవాళ్ళే ఎక్కువ.

అందరికన్నా ముందు సంతకం పెట్టినవాడు ఎద్దులవారిపల్లె శీనప్ప, ఆమె చెల్లెలు రెడ్డెమ్మ మొగుడు. తల్లి పోయినప్పుడు రెడ్డెమ్మకు ఏడేళ్ళు. మునిరత్న పెళ్ళి మాట తలపెట్టకుండా చెల్లెల్ని పెంచి ఆ ఇంటికిచ్చింది. ఆరేళ్ళ కిందట శీనప్ప టమాటాకు మందు కొడుతూ గాలి ఎదురు తిరిగి గట్టు మీద పడిపోయాడు. నోట్లోంచి నురగ వచ్చింది. ప్రాణం దక్కింది గానీ ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. మందు వాసన కూడా తగలకూడదన్నారు డాక్టర్లు. అప్పట్నుంచి మందు డబ్బా రెడ్డెమ్మ వీపుకెక్కింది. ఎడంచుట్టు ఈగ వచ్చిన రెండో ఏడు గానీ అది కిందికి దిగలేదు. ఇప్పుడు పశువుల పాకలో మూలన పడున్న ఆ డబ్బాలో కోడి గుడ్లు పెడుతోంది.

ఈగను వదిలిన నాలుగో ఏడు వానాకాలంలో, ఎప్పటిలాగే గురువారం ఆకులు ఏరడానికి మునిరత్న ఎద్దులవారిపల్లె వచ్చింది. చేలో పని అయ్యాక రెడ్డెమ్మ గట్టు మీద కలుపులా మొలిచే తుమ్మాకు ఒడినిండా కోసుకొచ్చి అరుగు మీద పోసింది.

"కూసో అక్కా. పప్పులో ఏస్తా. తినిపోదువు."

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఆకు గిల్లుతున్నారు. నాలుగు గిల్లేసరికి మునిరత్న చెయ్యి ఆగిపోయింది. సన్నటి తుమ్మాకు మీద తెల్లటి చుట్ట ఉంది. మూడు చుట్లు, మూడూ ఎడమకే. ఆమె లేచి అరుగు అంచుకు వెళ్ళి ఆకును ఎండకు ఎదురుగా పట్టుకుంది. గీతకు అటూ ఇటూ నల్లదారం లేదు. రాగిగింజల్లాంటి చుక్కలున్నాయి.

రాగిగింజల చుక్కలు తుమ్మి ఈగవి. అది పుట్టేదీ పెరిగేదీ తుమ్మి మొక్క మీదనే. ఆ పురుగు ఎడమకు తిరగడం ఆమె ఇన్నేళ్ళలో ఎన్నడూ చూడలేదు.

"ఏందక్కా, పురుగుండాదా?"

"ఊఁ. ఈ ఆకు నాకియ్యి. నేను తీసకపోతా."

పప్పు తినకుండానే ఆమె బస్సెక్కింది.

లాబులో ఇప్పుడు ఆకులు చూసేది ఆమె ఒక్కతే కాదు. ఆమె ఏరి పేర్లు రాసిన ముప్పైవేల ఆకుల్ని చూపించి తయారుచేసిన యంత్రమొకటుంది. దానికి ఆకుకన్ను అని పేరు. దాని కింద తుమ్మాకు పెడితే క్షణంలో జవాబు చెప్పింది: ఎడంచుట్టు ఈగ, టమాటా జాతి.

"చూశారా?" అన్నాడు భానోజీరావు. "టమాటా ఈగే దారి తప్పి తుమ్మి మీద ఒక గుడ్డు పెట్టుంటుంది."

"అది చుట్ట చూసి చెప్పింది సార్. చుట్టంటే టమాటా ఈగేనని మనమే నేర్పినాం దానికి. రెట్ట చూడండి."

ఆయన భూతద్దం కింద చూశాడు. చూసి, అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఇవి రెండూ కలవవమ్మా. వేరువేరు జాతులు. కలిసినా గుడ్డు నిలవదు."

"నిలవకపోతే మంచిదే గదా సార్. పెంచి చూస్తాం."

మర్నాడు ఆమె వెళ్ళి ఎద్దులవారిపల్లె గట్ల మీదనుంచి చుట్టలున్న తుమ్మాకులు సంచి నిండా తెచ్చింది. సీసాల్లో తడి ఇసుక పోసి, ఆకులు పరిచి, గుడ్డ కట్టింది. ఢిల్లీ నుంచి పెద్దల సంఘం రావడానికి ఇంకా పదహారు రోజులుంది. వాళ్ళు సరేనంటే ఎడంచుట్టు ఈగను రాష్ట్రమంతటా వదలొచ్చు. భానోజీరావు రోజూ పొద్దున ముందు సీసాల దగ్గరికొచ్చి, తర్వాతే తన గదికి పోయేవాడు.

పన్నెండో రోజు ఈగలు బయటికొచ్చాయి. మొత్తం ముప్పై ఒకటి. టమాటా ఈగకుండే పసుపుచుక్క వీపు మీద లేదు, నున్నగా నల్లగా ఉన్నాయి. అన్నీ తుమ్మి ఈగలే. ముప్పై ఒకటీ మగవే.

భానోజీరావు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చాలాసేపు సీసా గోడ మీద పాకుతున్న ఈగల్నే చూశాడు.

"ఏటమ్మా ఇది" అన్నాడు చివరికి. ఊరి యాస ఆయన నోట రావడం మునిరత్న అంతకుముందు రెండుసార్లే విన్నది. ఒకటి ఆయన తల్లి పోయినప్పుడు.

కాసేపటికి ఆయనే మళ్ళీ, "రిజిస్టర్లో ఇప్పుడే రాయకండి. సంఘం వచ్చి వెళ్ళనీండి. ఆ తర్వాత మనమే మెల్లగా చూసుకుందాం. తుమ్మి అన్నది కలుపుమొక్క. ఆ ఈగతో ఎవరికీ పని లేదు" అన్నాడు.

మునిరత్న సీసా మూతికి గుడ్డ బిగించి కట్టింది. ఆ మాట అన్నాక ఆయన ఆమె కళ్ళలోకి చూడలేదు.

మర్నాడు సెలవు పెట్టి ఆమె ఎద్దులవారిపల్లె పోయింది. శీనప్ప అరుగు మీద కూర్చుని టమాటా గంపలకు తాళ్ళు కడుతున్నాడు. రెడ్డెమ్మ మజ్జిగ తెచ్చిచ్చింది. మునిరత్న దాచకుండా అంతా చెప్పింది. చెప్తే పెద్దల సంఘం ఈగను ఆపేస్తుందనీ, ఈ పొలాల్లో వదలడం కూడా మానేస్తారనీ, మళ్ళీ మందు కొట్టక తప్పదనీ చెప్పింది.

రెడ్డెమ్మ ముఖం ఎర్రబడింది. "కలుపు మీద ఈగ గదా? అది సస్తే మనకేం?"

"ఎండాకాలం టమాటా లేనప్పుడు చిన్న కందిరీగలు ఆ ఈగపిల్లల మీదనే బతుకుతాయి. అవే మళ్ళీ వానలకు మన చేలల్లోకొచ్చి ఈ పురుగుల్ని తినేది. తుమ్మి ఈగ పోతే అవి పోతాయి. అవి పోతే, దోమలచుట్ట ఈగ లేని పల్లెల్లో పురుగు పది రెట్లు పడతాది. ఇంకోటి, తుమ్మికి ఎక్కింది చిక్కుడుకు ఎక్కదని ఎవురు చెప్తారు? టమాటా దాటి పోదని నేనే చెప్తి. పోయింది గదా?"

"నీకు ఈగ ముఖ్యమా, ఈయప్ప ముఖ్యమా?" రెడ్డెమ్మ గొంతు లేచింది. "నాలుగేండ్లు డబ్బా మోసినా. నా చేతులు చూడు. నీ ఈగ వచ్చినాకనే గదా ఈ ఇంట్లో తలుపులు తెరుచుకుని పడుకున్నాం? నోరు మూసుకుంటే ఎవురికి తెలుస్తాది? ఆ యంత్రానికే తెలీదంటివే!"

"నాకు తెలుసు గదే."

"తెలిస్తే తెలిసింది పో. నా గడప తొక్కద్దు ఇంక."

శీనప్ప అంతసేపూ తాడు ముడి చూసుకుంటూ ఉన్నాడు. దగ్గొచ్చి ఆగాక అన్నాడు: "వదినా, నువ్వు చెప్పబట్టే సంతకం పెడితి. నువ్వు చెప్పబట్టే పక్కింటోళ్ళతో పెట్టిస్తి. రేపు వాళ్ళు అడిగితే నాకు తెలీదని చెప్పలేను. నువ్వు చెప్పిపోయినావు గదా, నాకిప్పుడు తెలిసిపాయె." ఆ మాటలో కోపముందో, ఒప్పుకోలుందో మునిరత్నకు అర్థం కాలేదు. రెడ్డెమ్మ లోపలికి పోయి తలుపేసుకుంది.

సంఘం వచ్చే రోజు పొద్దున్నే మునిరత్న లాబు తెరిచి రిజిస్టర్ తీసింది. తేదీ వేసి, తుమ్మాకుల సంగతి, ముప్పై ఒక్క మగ ఈగల సంగతి తన గుండ్రటి అక్షరాలతో రాసింది. కింద సంతకం పెట్టి, తెరిచిన పేజీతో భానోజీరావు బల్ల మీద ఉంచి వరండాలోకి వచ్చి నిలబడింది. ఆయన వచ్చాడు. లోపలికి వెళ్ళాడు. కాగితం తిప్పిన చప్పుడు గానీ, చింపిన చప్పుడు గానీ వినిపించలేదు. పది నిమిషాలకు ఆయన రిజిస్టర్ చంకలో పెట్టుకుని బయటికొచ్చాడు.

"రండమ్మా. ఆ సీసాలు కూడా పట్టుకు రండి. నేను చదువుతాను, మీరు చూపించండి."

సంఘం వాళ్ళు మధ్యాహ్నం దాకా ప్రశ్నలడిగారు. ఆకుకన్ను ఎందుకు కనిపెట్టలేదన్నారు. మునిరత్న ఒక్కొక్కరినీ కిటికీ దగ్గరికి పిలిచి, ఆకు చేతికిచ్చి, ఎండకు పట్టుకోమంది. వాళ్ళలో ఒకావిడ రెండు ఆకులు పక్కపక్కన పెట్టి చూసి, "ఇంత తేడా ఉందే!" అంది. సాయంత్రానికి ఎడంచుట్టు ఈగను ఎక్కడా వదలకూడదనీ, లాబులో ఉన్నవాటిని లేకుండా చేయాలనీ తేల్చారు.

ఈగల గది వెచ్చని గాజు గది. వరస వరసగా తట్టలు, తట్టల్లో ఇసుకలో గోధుమరంగు గూళ్ళు. వేడిగాలి మీట తానే తిప్పుతానన్నాడు భానోజీరావు. తిప్పి, గాజు తలుపుకు నుదురు ఆనించి నిలబడ్డాడు. ఆడవి పుట్టకుండా చేసిన ఆ ఈగల్లో ఆయన పదిహేనేళ్ళున్నాయి. మునిరత్న ఒక స్టూలు తెచ్చి ఆయన పక్కన పెట్టింది. ఆయన కూర్చున్నాడు.

ఆ కార్తెలోనే పదకొండు పల్లెల్లోనూ మందు వాసన మళ్ళీ లేచింది. మునిరత్న ప్రతి పల్లెకూ వెళ్ళి తాను చెప్పింది తప్పయిందని చెప్పింది. కొందరు తిట్టారు. కొందరు కూర్చోబెట్టి నీళ్ళిచ్చారు. ఎద్దులవారిపల్లెలో రెడ్డెమ్మ కోడి గుడ్లు తీసేసి డబ్బా కడిగింది. మందు కొట్టే రోజుల్లో శీనప్ప ఏటి అవతల తన అన్న ఇంటికి పోయేవాడు.

మొదటి ఆదివారం మునిరత్న గడప తొక్కలేదు. నేరుగా చేనుకు పోయి డబ్బా ఎత్తుకుంది. రెడ్డెమ్మ చూసి, చెంబుతో నీళ్ళు తెచ్చి కింద పెట్టి పోయింది. ఆ తర్వాత ప్రతి ఆదివారం అంతే. సాళ్ళు సగం అక్క, సగం చెల్లెలు. గుడ్డలు చుట్టుకున్న ముఖాలు. మాట లేదు.

మిగతా రోజుల్లో మునిరత్నకూ భానోజీరావుకూ ఒకటే పని. గట్లూ బీళ్ళూ తిరిగి తుమ్మాకులు చూడడం. ఆకుకన్ను పనికిరాదు కాబట్టి ఆమె చూసేది, ఆయన రాసుకునేది. ఆయనకు మోకాళ్ళ నొప్పులు. గట్టు దిగేటప్పుడు ఆమె చెయ్యందించేది. మొదటి నెల ఎక్కడ చూసినా చుట్టలే. రెండో నెల తగ్గాయి. ఆ తర్వాత చుట్టలూ లేవు, గీతలూ లేవు. తుమ్మాకులు నున్నగా, పచ్చగా, నిగనిగలాడుతూ కనిపించాయి. చూసేవాళ్ళకు ఆరోగ్యంగా ఉన్నట్టే ఉంటుంది. మునిరత్నకు మాత్రం ఆ ఆకులు చూస్తే భయమేసేది. వల వేసి చూస్తే కందిరీగలు వారం వారం పలచబడుతున్నాయి.

"మగవే మిగిలి, అవీ పోయాయి" అన్నాడు భానోజీరావు. "బయటి నుంచి మంచి ఈగలు వస్తే రావాలి. రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో."

ఎండాకాలం పోయింది. తొలకరి పడింది. తుమ్మి మళ్ళీ మొలిచింది. ఆకులు మళ్ళీ నున్నగానే ఉన్నాయి.

ఆషాఢం చివర్లో ఒకరోజు పొద్దున పదిగంటలకు లాబు గేటు దగ్గర రెడ్డెమ్మ నిలబడి ఉందని వాచ్‌మన్ చెప్పాడు. శీనప్పకు ఏమైందోనని మునిరత్న చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది.

రెడ్డెమ్మ ఏడవడం లేదు. కొంగు ముడి విప్పుతోంది. ముడిలో తడిగుడ్డ, గుడ్డలో మూడు తుమ్మాకులు.

"పది నెల్ల నించీ నేనూ చూస్తానే ఉండా" అంది, అక్క ముఖం చూడకుండా. "నీళ్ళు మళ్ళించే మడవకాడ దొరికినాయి. ఇది ఏ ఈగదో చూసి చెప్పు."

మునిరత్న ఆకు ఎత్తి ఎండకు పట్టుకుంది. రాగిగింజల చుక్కలు. గీత ఎడమకు పోయి, ఈనె దాకా వెళ్ళి, అక్కడ కాసేపు తచ్చాడి, కుడికి తిరిగింది. కుడికి తిరిగి ఆకు కొస దాకా వంకర్లు పోయింది.

"కుడికి తిరిగింది గదా?" అంది రెడ్డెమ్మ.

"తిరిగిందే."

"నేను చెప్తి ఆయప్పకు, తిరిగిందని. నమ్మలే."

మూడు ఆకుల్నీ సీసాలో వేశారు. భానోజీరావు వచ్చి చూసి, ఒక ఆకులో పురుగు ఇంకా లోపలే కదులుతోందని చూపించాడు. "అయినా మగదే పుడితే ఏమీ చెప్పలేమమ్మా" అన్నాడు మెల్లగా. రెడ్డెమ్మ ఆ మాట విని, వెళ్ళేటప్పుడు అక్కతో, "పుట్టినాక ఫోన్ చెయ్యి" అంది.

రెండు ఆకుల్లో పురుగులు ఎండిపోయాయి. మూడోది ఇసుకలోకి దిగి గూడు కట్టుకుంది. రెడ్డెమ్మ రోజూ పొద్దున ఫోన్ చేసి, "ఇంకా లేదా?" అని అడిగి పెట్టేసేది. తొమ్మిదో రోజు ఫోన్ చేసింది మునిరత్నే. అప్పటికి ఆమె సీసాను కిటికీలో పెట్టి, భూతద్దంతో నాలుగుసార్లు చూసింది. కడుపు కొసన గుడ్డు పెట్టే సన్నటి నల్లగొట్టం స్పష్టంగా ఉంది. భానోజీరావు చేత కూడా చూపించింది. ఆయన చూసి, ఆమె భుజం తట్టి, కళ్ళజోడు తుడుచుకుంటూ వరండాలోకి పోయాడు.

"అక్కా, ఏం పుట్టింది?"

"ఆడది."

అవతల రెడ్డెమ్మ ఎవరికో, బహుశా వీధికంతటికీ, ఆడపిల్ల పుట్టిందని గట్టిగా చెప్పడం వినిపించింది. ఫోన్ చేతులు మారింది. శీనప్ప దగ్గూ, దగ్గు వెనక నవ్వూ.

"బిడ్డ ఎట్లుంది వదినా?"

మునిరత్న సీసావంక చూసింది.

"బాగుండాది శీనప్పా. అద్దం మీద కూసోని రెక్కలు ఆరబెట్టుకుంటా ఉండాది."